మొహం మీద సూదుల జల్లెడ: మూడు సిట్టింగులు, పదకొండు నెలలు

దీపావళికి ముందు మా బావమరిది వాట్సాప్‌లో ఒక వార్త పంపి కింద "బావా, నువ్వు చేయించుకుంది ఇదేగా?" అని రాశాడు. మొహానికి సన్న సూదులు గుచ్చి, వాటి గుండా రేడియో తరంగాల వేడిని చర్మం లోపలికి పంపే ట్రీట్‌మెంట్ గురించి. కొంతమందికి కాలిన గాయాలు, మచ్చలు, చర్మం కింద కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం దాకా జరిగిందని ఫిర్యాదులు వచ్చాయట, అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2025 అక్టోబరు 15న హెచ్చరిక ఇచ్చిందట. అవును, నేను చేయించుకుంది ఇదే. మూడుసార్లు. మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫ్ అంటారు, క్లినిక్ వాళ్ళు ముద్దుగా ఎంఎన్‌ఆర్‌ఎఫ్ అంటారు. నాకు అంత ఘోరాలేం జరగలేదు గానీ ఒకసారి మాత్రం బాగానే దెబ్బ తిన్నాను. వెళ్ళే ముందు ఇవన్నీ ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది కదా అని చాలాసార్లు అనుకున్నాను కాబట్టి రాస్తున్నా.

నాకు 33 ఏళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. ఇంటర్‌లో మొదలైన మొటిమలు ఇరవై ఐదు దాటాక గానీ తగ్గలేదు, అవి పోతూ పోతూ రెండు చెంపల మీదా కణతల దగ్గరా గుంటలు వదిలి వెళ్ళాయి. పెళ్ళయింది, పాప పుట్టింది, ఇప్పుడు మొహం సంగతి ఎవడిక్కావాలి అనుకుంటూనే ఉన్నా. మా పాపకి అంకెలు నేర్పే రోజుల్లో అది నా ఒళ్ళో కూర్చుని నా కుడి చెంప మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని గుంటలు లెక్కబెట్టింది. పద్నాలుగు దాకా వచ్చి ఆగింది, ఎందుకంటే దానికి పద్నాలుగు దాకానే వచ్చు. అప్పుడు నవ్వాను గానీ ఆ రాత్రే ఫోన్‌లో డాక్టర్ల కోసం వెతికాను.

ముందు గుంటూర్లోనే ఒక స్కిన్ సెంటర్‌కి వెళ్ళా. డాక్టరు కనిపించలేదు, కౌన్సిలర్ అని ఒకమ్మాయి వచ్చి నా మొహం వైపు సరిగా చూడకుండానే ఆరు సిట్టింగుల ప్యాకేజీ 60,000, ఈరోజే కడితే 48,000 అంది. యార్డులో పొద్దున్నుంచీ బేరాలు చూసే మనిషిని నేను, "ఈరోజే అయితే" అన్నవాడి సరుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. లేచి వచ్చేశా.

తెలిసిన మెడికల్ రెప్ ఒకాయన విజయవాడ సూర్యారావుపేటలో ఒక డెర్మటాలజిస్ట్ దగ్గరికి వెళ్ళమన్నాడు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో పోదామనుకుంటే అప్పుడే బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా నీళ్ళలో ఉంది, ఆ పరిస్థితిలో మొహం గుంటలకి అపాయింట్‌మెంట్ అడగడానికి నాకే సిగ్గేసింది. చివరికి అక్టోబరు 26, శనివారం. యార్డుకి శని, ఆదివారాలు సెలవు కాబట్టి నా తేదీలన్నీ శనివారాలే.

కన్సల్టేషన్ ఫీజు 600. గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మ గదిలో పెద్ద లైటు ఆపేసి, పక్క నుంచి ఒక చిన్న లైటు పట్టుకుని చూశారు. ఇది చాలా ముఖ్యం, ఎదురుగా లైటు వేస్తే గుంటలు సగం కనపడవు. తర్వాత రెండు వేళ్ళతో చెంప సాగదీశారు. సాగదీస్తే మాయమయ్యేవి వెడల్పాటి పల్లం గుంటలట, వాటికి ఈ సూదుల వేడి బాగా పనిచేస్తుందట. సాగదీసినా చీమ తలంత చీకటి చుక్కలా మిగిలేవి, అంటే సన్నగా లోతుగా ఉండేవి, ఐస్ పిక్ అంటారు వాటిని, అవి సూదులకి లొంగవు. వాటికి విడిగా పుల్లతో టీసీఏ యాసిడ్ చుక్క పెట్టాలన్నారు. నాకు రెండు రకాలూ ఉన్నాయి.

తర్వాత వరసగా ప్రశ్నలు. గుండెకి పేస్‌మేకర్ ఉందా, మొహంలో ఎక్కడైనా లోహపు ప్లేట్లు ఉన్నాయా, పెదాల మీద జ్వరపు పొక్కులు వస్తుంటాయా, మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఎప్పుడు వాడారు. నేను వాడి ఆరేళ్ళయింది. చొక్కా భుజం దాకా జరపమని చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ చూశారు. మొహానికి వస్తే భుజం ఎందుకబ్బా అనుకున్నా. దెబ్బ తగిలిన చోట చర్మం ఉబ్బి గట్టిపడే గుణం ఉందేమో చూడ్డానికట.

"మీది చామనఛాయ, దెబ్బ తగిలితే నల్లబడే చర్మం. లేజర్ కంటే దీంట్లో ఆ భయం తక్కువే గానీ అసలు లేదని మాత్రం అనను" అన్నారు. ఎంత తగ్గుతుందండీ అని అడిగితే "మూడు నాలుగు సిట్టింగుల తర్వాత సగం తగ్గితే నేను సంతోషిస్తా, మీరు సంతోషిస్తారో లేదో ఇప్పుడే ఆలోచించుకోండి" అన్నారు. ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది. సిట్టింగుకి 9,500, ఒక్కొక్కటికీ అప్పటికప్పుడు కట్టొచ్చు. ఎండాకాలం లోపు ముగించాలన్నారు. బెజవాడ ఎండల సంగతి తెలిసిందే కదా.

మొదటి సిట్టింగ్ నవంబరు 9. రాత్రి పూసుకునే రెటినాల్ క్రీము అయిదు రోజుల ముందే ఆపించారు. పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకుని రమ్మన్నారు. ఇది మగవాళ్ళకి ఎవరూ చెప్పరు, గడ్డంతో వెళితే వెనక్కి పంపుతారు. గుంటూరు బస్టాండులో ఏడింటికి బస్సెక్కితే పదిలోపే క్లినిక్‌లో ఉన్నా. మొహం కడిగించి, పక్క లైటులో ఫోటోలు తీసి, మత్తు క్రీము తెల్లగా దట్టంగా పూసి, పైన వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పారు, ముక్కుకీ నోటికీ కన్నాలు వదిలి. అలా 50 నిమిషాలు. పక్క కుర్చీలో ఇంకొకామె కూడా అదే అవతారంలో ఉంది, ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా గోడ మీద టీవీ చూశాం. ముందు చిమచిమలాడింది, తర్వాత చల్లబడింది, ఆ తర్వాత చెంప గిల్లుకుంటే ఎవరి చెంపో అన్నట్టుంది.

సూదుల టిప్పు కవరు నా ముందే చించారు. ఇది మీరు అడిగి మరీ చూడండి, ఒక టిప్పు ఒక మనిషికే. అగ్గిపెట్టె కంటే చిన్న చదరంలో అయిదు వరసలు, వరసకి అయిదు, మొత్తం 25 సూదులు, కంటికి సరిగా ఆనవు కూడా. చెంపకి లోపలికి 2.5 మిల్లీమీటర్లు, నుదుటికి 1.5 అని డాక్టరమ్మ చెబుతుంటే అసిస్టెంట్ మిషన్‌లో నొక్కుతోంది. టక్‌మని గుచ్చుకోవడం, లోపల ఒక్క క్షణం వేడి, టక్‌మని బయటికి రావడం. ఇది ఒకటి. ఇలాంటివి మొహమంతా వందల్లో, అదీ రెండు రౌండ్లు.

నొప్పి గురించి నిజం చెప్తా. చెంపల కండ ఉన్న చోట ఓర్చుకోవచ్చు, చీమ కుట్టినట్టు. ఎముక దగ్గరికొచ్చాక అసలు కథ. దవడ అంచు, కణత, నుదురు, వీటి దగ్గర మత్తు క్రీము పనిచేసిందా లేదా అన్న అనుమానం వచ్చింది. పై పెదవి మీద అయితే కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి, ఏడవడం కాదు అది, ముక్కులో పుల్ల పెడితే వచ్చే రకం. చేతిలో మెత్తటి బంతి ఒకటి పెట్టారు, రెండో రౌండ్ అయ్యేసరికి దాని ఆకారం మారిపోయింది. గడ్డం దగ్గర కాలిన వెంట్రుకల వాసన కొద్దిగా వచ్చింది, అది మామూలేనన్నారు. మొత్తం 35 నిమిషాలు. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో తుడిచినప్పుడు చూశా, అక్కడక్కడ కుంకుమ చుక్కల్లా నెత్తురు.

అద్దంలో మొహం బాగా ఎండలో తిరిగొచ్చినవాడిలా ఎర్రగా, ఉబ్బి ఉంది. మాస్కు పెట్టుకోవద్దన్నారు, రాపిడి అవుతుందని. హెల్మెట్టూ వద్దు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కృష్ణ దాటేదాకా మొహం బయటికే తిప్పి ఉంచా. మంట రెండు మూడు గంటలు ఉంది, కారం చేత్తో మొహం రుద్దుకున్నంత. రాత్రికి తగ్గింది.

ఇంట్లో మా అమ్మ చూసి "కార్తీక మాసంలో మొహం జల్లెడ చేయించుకొచ్చావేంట్రా, డబ్బులిచ్చి మరీ" అని పసుపూ వెన్నా తెచ్చింది. వద్దమ్మా అని బతిమాలుకోవాల్సి వచ్చింది. మొదటి రోజు వాళ్ళిచ్చిన మందపాటి మాయిశ్చరైజర్ తప్ప ఏదీ రాయకూడదు, మర్నాటి నుంచి సబ్బు కాని క్లెన్సర్, సన్‌స్క్రీన్.

ఆదివారం పొద్దున లేచేసరికి కళ్ళ కింద సంచులు, దవడలు తవుడు కుక్కినట్టున్నాయి. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకోమని చెప్పారు, నేను వినలేదు, మీరు వినండి. సోమవారానికి వాపు దిగింది. అప్పుడు బయటపడింది అసలు డిజైను, జంతికల గొట్టంలో బిళ్ళని మొహానికేసి నొక్కినట్టు వరసలు వరసలుగా గోధుమరంగు చుక్కలు. తాకితే ఉప్పుకాగితం. గీకబుద్ధి అవుతుంది, గీకితే మచ్చే. వాటంతటవే అయిదో రోజు నుంచి మొహం కడుక్కున్నప్పుడల్లా రాలాయి. రెండు రోజులు సెలవు పెట్టి బుధవారం యార్డుకి వెళితే హమాలీ ఒకడు టిక్కీ (మిర్చి బస్తా) దించి, నడుం మీద చేతులేసుకుని, "ఏంది గుమస్తా గారూ, కందిరీగలు గానీ కుట్టినయ్యా?" అన్నాడు. అవునన్నా. అదే తేలిక. గడ్డం ఆరో రోజు గీసుకున్నా.

ఇక్కడ ఒక మోసం ఉంది, ఎవరూ చెప్పరు. వారం తర్వాత మొహం చూస్తే గుంటలు సగం పోయినట్టే ఉంది. మురిసిపోయాను, మా ఆవిడకి లైటు వేసి మరీ చూపించాను. అదంతా లోపలి వాపు. రెండు వారాలకి వాపు పూర్తిగా పోయి గుంటలన్నీ ఎక్కడివక్కడ ప్రత్యక్షం. 9,500 బూడిదలో పోసినట్టేనా అని రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. చర్మం లోపల గుంటల్ని నింపే కొత్త కొల్లాజెన్ (ఒక ప్రోటీన్) తయారవడానికి నెలలు పడుతుందని, మూడు నెలల దాకా అద్దం చూసి బాధపడొద్దని ఫోన్‌లో చెప్పారు. ఆ మాట మొదటిరోజే చెప్పారేమో కూడా, నేనే వినలేదేమో.

రెండో సిట్టింగ్ ఆరు వారాలకి, డిసెంబరు 21న. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. డాక్టరమ్మ ఊళ్ళో లేరు, కాన్ఫరెన్స్ అట. టెక్నీషియన్ చేస్తాడు, ఆయన రోజూ చేసేవాడే అన్నారు. సెలవు పెట్టుకుని, గడ్డం గీసుకుని, బస్సెక్కి వచ్చి మళ్ళీ వెనక్కి పోవడం ఎందుకని ఒప్పుకున్నా. అతను మత్తు క్రీము అరగంటకే తుడిచేశాడు. కుడి చెంప ఎముక మీద ఒకే చోట పదే పదే కొట్టాడు, లోపల వేడి ఈసారి వేరేగా తెలిసింది, చురుక్కుమని కాకుండా ఇస్త్రీపెట్టె ఆనించినట్టు. రెండుసార్లు చెప్పా, "అలాగే ఉంటదండీ" అన్నాడు. మూడోసారి నేను చెయ్యి అడ్డం పెట్టాల్సింది. పెట్టలేదు. డబ్బులు కట్టి పడుకున్నాక మనిషికి నోరు పెగలదు, ఎందుకో.

పెచ్చులు రాలాక ఎడమ చెంప మామూలుగానే ఉంది. కుడి చెంప ఎముక మీద మాత్రం చదరం ఆకారంలో గోధుమరంగు మచ్చ, అందులో చుక్కల వరసలు కూడా లెక్కబెట్టేంత స్పష్టంగా. సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ అడిగారు. మా పెద్దత్త అయితే సిగరెట్లు కాల్చుకున్నావా నాయనా అంది. ఆ పండగ ఫోటోలన్నిట్లో నేను ఎడమ చెంపే కనపడేలా తిరిగి ఉంటా.

జనవరి 18న వెళ్ళి డాక్టరమ్మకి చూపించా. ఆవిడ చూసీ చూడగానే మొహం మాడ్చుకున్నారు, లోపలికి వెళ్ళి ఎవరితోనో గట్టిగా మాట్లాడటం వినపడింది. నాతో మాత్రం "వేడి ఎక్కువైంది, ఇది కాలిన మచ్చ కాదు, రంగు మారడం, పోతుంది, టైము పడుతుంది" అన్నారు. అజెలాయిక్ యాసిడ్ క్రీము రాశారు, సన్‌స్క్రీన్ మూడు గంటలకోసారి అన్నారు. నీడలో పనిచేసేవాడికి కూడానా అంటే కూడా అన్నారు. రెండు వేళ్ళ పొడవున పిండితేనే అది సరైన మోతాదట, 600 పెట్టి కొన్న ట్యూబు నెల తిరక్కుండా ఖాళీ. తర్వాతి సిట్టింగ్ మూడు వారాలు వాయిదా వేశారు. ఆ రోజే ఐస్ పిక్ గుంటలకి యాసిడ్ చుక్కలు పెట్టారు, 2,000. పుల్ల మొన పెట్టగానే తెల్లగా ఉప్పు పేరినట్టు అయింది, రెండు నిమిషాలు మంట, అంతే. నిజానికి అదే తేలిక. కుడివైపు మచ్చ పడినందుకు డబ్బులేమన్నా తగ్గిస్తారా అని అడిగా. మూడో సిట్టింగ్ తనే చేస్తానన్నారు, డబ్బుల మాట ఎత్తలేదు. నేనూ ఇంక పొడిగించలేదు.

మూడోది 2025 ఫిబ్రవరి 22. మచ్చ అప్పటికి ముప్పాతిక వంతు వెలిసింది. ఈసారి పడుకునే ముందే అడిగా, ఎంత లోతు, ఎంత వేడి, ఎవరు చేస్తున్నారు అని. కుడి చెంప మీద వేడి తగ్గించి, ఒక్క రౌండే చేశారు. సిట్టింగ్ బాగానే జరిగింది. తప్పు నాది, తేదీది. ఫిబ్రవరి అంటే యార్డులోకి కొత్త సరుకు కట్టలు తెంచుకుని వచ్చే రోజులు, దానికి తోడు ఆ నెలలోనే ధరలు పడిపోయి రైతులు గగ్గోలు పెడుతున్నారు, ఓనరు గారి దగ్గర సెలవడిగే మొహం లేదు. సోమవారం పొద్దున్నే వెళ్ళా.

చుట్టుగుంట దాటగానే ఘాటు తెలిసింది. మామూలు రోజుల్లో నాకది వాసన కూడా తెలియదు, పదేళ్ళుగా అందులోనే బతుకుతున్నా. ఆరోజు మొహం మీద వందల కన్నాలు, మూడు రోజులు కూడా నిండలేదు. తేజ రకం మిర్చి టిక్కీలు దించుతున్న చోట పావుగంట నిలబడి ఉంటానేమో, బుగ్గలు రెండూ అంటుకున్నాయి. తువ్వాలు మొహానికి చుట్టుకున్నా, అందరం అదే చేస్తాం అక్కడ. మంట రెట్టింపైంది. ఆ తువ్వాలు కొట్లో మేకుకి తగిలించి ఉంటుంది, సీజనంతా కారం దుమ్ము పీల్చుకునే ఉంటుంది, దాన్ని తెచ్చి పచ్చి చర్మానికి చుట్టుకున్న తెలివి నాది. కుళాయి దగ్గరికి పరిగెత్తి నీళ్ళు కొట్టుకున్నా, నీళ్ళకి కారం పోదు కదా, ఇంకాస్త పాకింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ముందు అక్కణ్ణుంచి బయటపడమన్నారు, క్లెన్సర్‌తో రుద్దకుండా మూడు నాలుగుసార్లు కడిగి పెట్రోలియం జెల్లీ మందంగా రాయమన్నారు. ఇంటికొచ్చి అదే చేసి ఫ్యాను కింద పడుకున్నా. సాయంత్రానికి చల్లారింది. నా అదృష్టం, మచ్చ పడలేదు. యార్డులోనో, కారం మిల్లులోనో, వంట పనిలోనో ఉండేవాళ్ళు అయిదు రోజులు ఖాళీ చూసుకోకుండా ఈ పని పెట్టుకోకండి. పచ్చళ్ళ రోజుల్లో ఆడవాళ్ళకి కూడా ఇదే మాట.

మార్చిలో యాసిడ్ చుక్కలు ఇంకోసారి, మరో 2,000. అంతే, ఇంక చేసేదేం లేదు, వేచి చూడటమే.

ఖర్చు మొత్తం రాసుకున్నా, గుమస్తాని కదా. సిట్టింగులు 28,500, యాసిడ్ చుక్కలు 4,000, కన్సల్టేషన్ 600, మందులు, క్రీములు, సన్‌స్క్రీన్ కలిపి 6,200, బస్సులు ఆటోలు 1,800. మొత్తం 41,100. మూడు రోజుల జీతం వేరే. అందం పద్దు కాబట్టి నా ఇన్సూరెన్స్‌లో పైసా రాలేదు. అడగడం కూడా దండగే.

ఫలితం మొదట కనిపెట్టింది మా ఆవిడా కాదు, నేనూ కాదు. కొరిటెపాడులో నేను పదేళ్ళుగా గడ్డం గీయించుకునే మంగలి. ఏప్రిల్ చివర్లో ఒకరోజు కుడి చెంప మీద కత్తి పెట్టి లాగుతూ మధ్యలో ఆగి, వేలితో తడిమి చూసి, "ఏం చేయించావన్నా, ఇంతకు ముందు ఇక్కడ బ్లేడు రెండుచోట్ల ఆగేది" అన్నాడు. నిజమే, ప్రతిసారీ దవడ పైన ఒక గంటు పడేది, పటిక రాసేవాడు. అది పడటం మానేసింది.

ఆగస్టులో క్లినిక్‌లో మళ్ళీ అదే పక్క లైటులో ఫోటోలు తీసి పాతవాటి పక్కన పెట్టారు. ఎడమ చెంప మీద పల్లాలు సగానికి పైగా నిండాయి. కుడివైపు వేడి తగ్గించి చేసిన చోట అంత లేదు, ముప్పై నలభై శాతం అంటానేమో. కణతల దగ్గర అంచులు మెత్తబడ్డాయి గానీ గుంటలు గుంటలే. ఐస్ పిక్ చుక్కలు అయిదు అలాగే ఉన్నాయి. గోధుమ మచ్చ పూర్తిగా పోయింది. చర్మం మొత్తంగా కాస్త బిగుతుగా, సన్న కన్నాలు మూసుకున్నట్టు ఉంది, అది నేను అడగని లాభం. మిట్ట మధ్యాహ్నం ఎండలో నన్ను చూస్తే మొటిమల మొహమే, కాకపోతే ట్యూబ్‌లైట్ కింద ఎవరూ పట్టించుకోరు.

నాలుగో సిట్టింగ్ చేయించుకుంటే కుడివైపు సరిపోతుందని డాక్టరమ్మ అంటున్నారు. బావమరిది పంపిన వార్త చూపించి అడిగితే ఆవిడేం కంగారు పడలేదు. లోతూ వేడీ తెలియనివాళ్ళ చేతిలో పెడితే అలాగే అవుతుంది, మీ డిసెంబరు సిట్టింగ్ గుర్తుంది కదా అన్నారు. ఎందుకు గుర్తుండదు. నవంబరు 8కి డేట్ అడిగి పెట్టుకున్నా, కొత్త సరుకు ఇంకా రాదు, కోల్డ్ స్టోరేజీల సరుకే కాబట్టి అయిదు రోజులు సెలవిస్తానని ఓనరు గారు కూడా ఒప్పుకున్నారు. ఆవిడే చేస్తానని చెప్పాకే అడ్వాన్సు కట్టా. తువ్వాలు కొత్తది కొన్నా.